పెగ్గు పక్కన పప్పన్నం

మొన్నామధ్య ఓ శనివారం సాయంత్రం, ఇంజనీరింగులో కలిసి చదువుకున్న నలుగురం హైదరాబాదులో ఓ పెద్ద హోటల్లో "విస్కీ పెయిరింగ్ డిన్నర్" అంటే ఎగేసుకుంటూ వెళ్ళాం. మనిషికి ఎంతయిందో మాత్రం చెప్పను, ఇంట్లో వాళ్ళు కూడా ఇది చదువుతారు. నాలుగు గ్లాసుల్లో నాలుగు రకాల సింగిల్ మాల్టు, ఒక్కోదాని పక్కన అరచేతిలో సగం ఉండే పళ్ళెం. మొదటిదానికి డార్క్ చాక్లెట్ ముక్క, రెండోదానికి నీలం బూజు పట్టిన చీజ్, మూడోదానికి పొగబెట్టిన సాల్మన్ చేప, నాలుగోదానికి ఎండు అంజీర్. టై కట్టుకున్న ఓ కుర్రాడు వచ్చి "వెనిలా తెలుస్తోందా సార్? వెనకాల తోలు వాసన తెలుస్తోందా సార్?" అని అడుగుతుంటే, కోడ్ రివ్యూలో కూర్చున్న ఫ్రెషర్లలా నలుగురం తలలూపాం. చివరికి మావాడొకడు ఉండబట్టలేక "బాసూ, ఉల్లిపాయ పల్లీలు దొరుకుతాయా?" అని అడిగేశాడు.

పడీ పడీ నవ్వుకున్నాం. కానీ ఇంటికొచ్చాక ఆ ప్రశ్నే బుర్రలో తిరుగుతూ ఉంది. ఆ కుర్రాడు చెప్పినవి అబద్ధాలేం కాదు. మావాడు అడిగిందీ తప్పు కాదు. కాకపోతే రెండిట్లోనూ ఒకటి లేదు: భోజనం. ఆ పూట పెయిరింగ్ డిన్నర్లో తిన్నదేంటయ్యా అంటే, బయటికొచ్చి బండి దగ్గర తిన్న ఎగ్ దోశ! నా గోలేంటంటే, విస్కీకి జత వెతకాల్సింది చాక్లెట్ పెట్టెలోనూ కాదు, మిక్చర్ పొట్లంలోనూ కాదు. మన రాత్రి కంచంలో. అక్కడ వెతికితే రుచి ఒక్కటే కాదు, ఇంకా కొన్ని బాగుపడతాయి.

ముందే ఓ మాట. తాగని వాళ్ళు ఇది చదివి మొదలెట్టకండి. ఆరోగ్యానికి ముప్పు లేని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో కుండ బద్దలుకొట్టినట్టు చెప్పింది. అంచేత "కొంచెం తాగితే గుండెకి మంచిదటగా" లాంటి కబుర్లు ఇక్కడ చెల్లవు. ఎలాగూ నెలకి ఒకట్రెండు సార్లు తాగే నాబోటి వాళ్ళ కోసమే ఈ రాతంతా.

సరే, ముందు మన సంగతి చూద్దాం. మన ఊళ్ళల్లో మందుకొట్టు మీద "వైన్స్" అని బోర్డుంటుంది, లోపలికెళ్ళి వైన్ అడిగిన వాణ్ణి మాత్రం వింతగా చూస్తారు. అమ్మకం క్వార్టర్ లెక్కన, అంటే 180 మిల్లీలీటర్లు. తోడుగా హైదరాబాదులో అయితే చకనా, మా వైపు స్టఫ్, ఆఫీసు వాళ్ళ భాషలో మంచింగ్. పేరేదైతేనేం, సరుకు ఒకటే: పల్లీలు, మిక్చర్, మసాలా పాపడ్, మిరియాల పొడి చల్లిన కోడిగుడ్డు, చికెన్ పకోడీ. జేబు బరువుగా ఉంటే చికెన్ 65, అపోలో ఫిష్.

ఈ స్టఫ్ చేసే పనేంటో ఎప్పుడైనా ఆలోచించారా? మందు రుచిని పెంచడం కాదు, చంపడం. గటుక్కున ఓ గుక్క, ఆముదం తాగినట్టు మొహం, వెంటనే నోట్లోకి ఉప్పగానో కారంగానో ఏదో ఒకటి. దీన్ని పెయిరింగ్ అనరండీ, ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ అంటారు.

తప్పు పూర్తిగా మనది కూడా కాదు. మన దగ్గర విస్కీ పేరుతో చవగ్గా అమ్ముడయ్యే సరుకులో చాలా భాగం, ఏ రుచీ లేని న్యూట్రల్ స్పిరిట్‌కి కాస్త మాల్టు కలిపి తయారుచేసింది. ఆ స్పిరిట్ చాలాకాలం ఎక్కువగా చెరకు మొలాసిస్ నుంచే వచ్చేది. ధాన్యం నుంచి తీయనిదాన్ని విస్కీ అని పిలవడానికి యూరప్ చట్టాలు ఒప్పుకోవు. స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్ళు మగ్గాలి. పీపాలో మగ్గని దాంట్లో వెనిలా ఎక్కణ్ణుంచి వస్తుంది, తోలు ఎక్కణ్ణుంచి వస్తుంది? అలాంటి దాన్ని తాగడానికి పల్లీలు అడ్డం పెట్టుకున్నాం. ఆ అలవాటు, మంచి సరుకు కొనుక్కునే స్తోమత వచ్చాక కూడా పోలేదు. నాలుగు వేలు పోసి కొన్న సింగిల్ మాల్టులో కోలా కలిపి, చికెన్ 65 నంజుకునే మేనేజర్లని నేను కళ్ళారా చూశాను.

ఆ చికెన్ 65తో ఇంకో తిరకాసుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ నాలుక మీద ఏ రిసెప్టర్ని తడుతుందో (దాని పేరు టీఆర్పీవీ1), వేడిని కనిపెట్టేదీ అదే. మామూలుగా 42 డిగ్రీల దగ్గర మోగాల్సిన ఆ అలారం, ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే మోగుతుందని 2002లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. మన ఒంటి వేడేమో 37. విస్కీ తాగితే గొంతు మండేది అందుకే. దాని మీద గుంటూరు కారం వేస్తే అదే గంటని రెండు చేతులతో వాయించినట్టు. మంటకి ఇంకో గుక్క, గుక్కకి ఇంకో ముక్క. ఇన్ఫినిట్ లూప్! అందులో విస్కీ రుచీ తెలీదు, కోడి రుచీ తెలీదు, ఎన్నో పెగ్గో అంతకన్నా తెలీదు.

నవ్వులాటగా మొదలెట్టాను గానీ, నాకు ఈ స్టఫ్‌తో ఓ పాత లెక్క ఉంది.

మా నాన్న రోజూ తాగేవారు. తాగి గొడవ చేసే రకం కాదు, అసలు తాగినట్టే ఉండేది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రేపిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1995లో మద్యనిషేధం దాకా వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఆడవాళ్ళని తప్పు పట్టే నోరు నాకు లేదు. సారా పొట్లాల వల్ల ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదో వాళ్ళకే తెలుసు. కాకపోతే ఆ రెండేళ్ళల్లో మా నాన్నలాంటి వాళ్ళు నేర్చుకున్నది మానడం కాదు, దాక్కోవడం. నిషేధం పోయింది, దాక్కోవడం మాత్రం పోలేదు.

రాత్రి ఎనిమిదింటికి పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన నిలబడి తాగేవారు. స్టీలు గ్లాసు, చొక్కా జేబులో పల్లీల పొట్లం. పది నిమిషాల్లో క్వార్టర్ అయిపోయేది, ఎవరైనా చూస్తారేమోనన్న కంగారు. క్వార్టర్ అంటే దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్, ఖాళీ కడుపులోకి. ఆ తర్వాత అన్నం సహించేది కాదు. "కాసేపాగి తింటాలే" అని నడుం వాల్చేవారు, అంతే. అమ్మ ఆ కంచం మీద ఇంకో కంచం బోర్లించి, పదకొండింటి దాకా చూసి, తనూ ఏదో తిన్నాననిపించి లేచేది. నా చిన్నతనమంతా మా ఇంట్లో రాత్రిపూట ముగ్గురం కలిసి కూర్చుని తిన్నది పండగలకే.

2009లో నేను సెలవు పెట్టి ఇంటికెళ్ళినప్పుడు జరిగింది. నాన్నకి అప్పటికే షుగరు. ఆ రాత్రి మాత్ర వేసుకున్నారు, క్వార్టర్ తాగారు, అన్నం తినలేదు. తెల్లవారుజామున లేపితే లేవలేదు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగారు "ఎంత తాగారు?" అని అడుగుతారనుకుని దారంతా జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ అడిగింది అది కాదు. "రాత్రి ఏం తిన్నారు?" అన్నారు. అమ్మ నావైపు చూసింది, నేను నేలవైపు చూశాను.

ఆవిడే తర్వాత విడమరిచి చెప్పారు. కాలేయం మద్యాన్ని వదిలించుకునే పనిలో పడితే, చక్కెర తయారుచేసి రక్తంలోకి వదిలే పని పక్కన పెట్టేస్తుంది. ఒంట్లో షుగరు మాత్ర ఉంది, కడుపులో మెతుకు లేదు. ఇహ చక్కెర ఎక్కణ్ణుంచి వస్తుంది? గ్లూకోజ్ ఎక్కించాక కళ్ళు తెరిచారు. ఆ రోజుతో మానేశారు, మళ్ళీ ముట్టలేదు. అదృష్టవంతులం.

ఆ తర్వాత 2011 జనవరిలో ఆన్‌సైట్ మీద ఎడింబరోలో ఉన్నాను. జనవరి 25న బర్న్స్ నైట్, వాళ్ళ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు. టీంలో ఒకాయన ఇంటికి భోజనానికి పిలిచాడు. బల్ల మీద హాగిస్: గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్సు, ఉల్లిపాయ, కొవ్వు, మిరియాలు కలిపి, సంప్రదాయంగా అయితే గొర్రె పొట్ట సంచీలోనే ఉడికిస్తారు. మన బోటి కూరకి దూరపు చుట్టం అన్నమాట. పక్కన ఉడకబెట్టి మెదిపిన బంగాళదుంప, టర్నిప్ దుంప. విస్కీ కూడా అదే బల్ల మీద, నీళ్ళ జగ్గు పక్కన. వాళ్ళమ్మగారు కూడా మాతో కూర్చున్నారు, పిల్లలూ కూర్చున్నారు. ఎవరూ లేచి పెరట్లోకి వెళ్ళలేదు! పోసుకున్న గ్లాసు భోజనం అయ్యేదాకా వచ్చింది. ఒకాయన మళ్ళీ పోసుకున్నాడు, మిగతా వాళ్ళు పోసుకోలేదు. పెయిరింగ్ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. హాగిస్ కొవ్వుగా, మిరియాల ఘాటుతో ఉంటుంది కాబట్టి విస్కీ దానికి సరిగ్గా సరిపోయింది. నేను మాత్రం ఆ రాత్రి మా ఇంట్లో బోర్లించిన కంచాన్నే తలుచుకుంటూ కూర్చున్నాను.

స్కాట్లాండు వాళ్ళంతా బుద్ధిమంతులని చెప్పట్లేదు సుమండీ, తాగి చెడిపోయే వాళ్ళు అక్కడా బోలెడు. అలా అని ఇది తెల్లవాళ్ళ సొత్తు కూడా కాదు. జపాన్ వాళ్ళు విస్కీలో రెట్టింపు పైగా నీళ్ళు పోసి, మిజువారీ అని పేరు పెట్టి, అన్నం చేపల భోజనంతో పాటు తాగుతారు. విస్కీ అక్కడా పరాయి సరుకే. కానీ తమ భోజనానికి తగ్గట్టు దాన్ని మార్చుకున్నారు. మనం దానికోసం భోజనాన్ని మానుకున్నాం.

సరే, ఇక అసలు విషయానికొస్తే, మన కంచంలో ఏది దేనికి కుదురుతుంది? ఇవి నేను ఇన్నేళ్ళల్లో ఇంట్లో ప్రయత్నించి తేల్చుకున్నవి. మీ నాలుక వేరేగా చెబితే మీ నాలుకనే నమ్మండి.

మొదటి సూత్రం నీళ్ళు. మన విస్కీ 42.8 శాతం. అంత ఘాటుతో ఏం తిన్నా రుచి తెలీదు. 30 మిల్లీలీటర్లకి 60 నీళ్ళు పోయండి, 14 శాతానికి దిగుతుంది. అంటే ఇంచుమించు వైన్ ఘాటు. వైన్ అన్నంతో కూర్చోగలిగినప్పుడు ఇది మాత్రం ఎందుకు కూర్చోలేదు? నీళ్ళు పోస్తే విస్కీ పాడైపోతుందనే వాళ్ళకి ఒక మాట. 2017లో స్వీడన్‌లో లిన్నేయస్ యూనివర్సిటీ వాళ్ళు కంప్యూటర్ సిమ్యులేషన్ చేసి చూశారు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ గాఢత తగ్గేకొద్దీ గ్లాసు పైభాగానికి, అంటే మన ముక్కుకి దగ్గరగా చేరుతుందని తేలింది. సోడా అంటారా, వేపుళ్ళతో బానే ఉంటుంది గానీ కారంతో మాత్రం మంటకి మంట తోడు.

రెండోది పప్పన్నం. నవ్వకండి! ముద్దపప్పు, నెయ్యి, అప్పడం, గుమ్మడి వడియాలు. బర్బన్ పీపాల్లో మగ్గిన తేలికపాటి విస్కీలకి ఇంతకన్నా మంచి జత నాకు దొరకలేదు. నెయ్యి నాలుకకి పూతలా పట్టి ఆల్కహాల్ కరుకుదనాన్ని తగ్గిస్తుంది, వడియంలో ఉప్పు చేదుని అణుస్తుంది. ఇంకో విశేషం, ఓక్ చెక్కలోంచి విస్కీలోకి వచ్చే లాక్టోన్ అనే పదార్థానికి అచ్చం కొబ్బరి వాసన. అమెరికన్ ఓక్‌లో అది ఎక్కువ. కాబట్టి కొబ్బరన్నం, కొబ్బరిపాలు పోసి వండిన కోడికూర కూడా ఈ జాబితాలోకే వస్తాయి.

మూడోది పొగ. ఐలా ద్వీపపు విస్కీలు, లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ లాంటివి, బార్లీని పీట్ మట్టి పొగలో ఆరబెట్టి చేసినవి. మొదటిసారి వాసన చూస్తే ఆసుపత్రి గుర్తొస్తుంది, నాకైతే మరీను. వీటికి మన దగ్గర తిరుగులేని జోడీ ఉంది: కట్టెల పొయ్యి మీద కాల్చిన వంకాయ పచ్చడి. పచ్చిమిర్చి సగానికి తగ్గించండి, నువ్వులో పెరుగో కలపండి. అరకు వైపు బొంగు చికెన్, నిప్పుల మీద కాల్చిన చేప, ఆఖరికి కాల్చిన మొక్కజొన్న పొత్తు కూడా సరే. పొగకి పొగ!

నాలుగోది షెర్రీ పీపా విస్కీలు, కిస్‌మిస్, ఖర్జూరం వాసనేసేవి. వీటికి లవంగం, దాల్చినచెక్క వేసి వండిన మటన్ పులావు. పండగ రోజుల్లో మిగిలిన అరిసె ముక్క కూడా భేషుగ్గా ఉంటుంది (అమ్మకి చెప్పకండి).

కుదరనివి కూడా చెప్పాలిగా. ఆవకాయ, గోంగూర, చింతపండు చారు, పులుసులు. ఆ పులుపు ముందు ఏ విస్కీ అయినా చెక్క నమిలినట్టుంటుంది. ఆవకాయని విస్కీ కోసం వదులుకోమంటే నేను విస్కీనే వదులుకుంటాను, అది వేరే విషయం.

ఇంత వెతుకులాట స్కాచ్ కోసమేనా అంటే కాదు. బెంగుళూరు వాళ్ళ అమృత్ సింగిల్ మాల్టు 2004లో గ్లాస్గోలో విడుదలైంది. అక్కడి ఇండియన్ రెస్టారెంట్లలో అమ్ముదామన్నది వాళ్ళ మొదటి ఆలోచన. అంటే మన విస్కీని మన భోజనం పక్కన పెట్టాలన్న ఊహ మనవాళ్ళకే వచ్చింది, కాకపోతే దానికోసం గ్లాస్గో దాకా వెళ్ళాల్సొచ్చింది!

ఇప్పుడు అసలు కిటుకు చెబుతా. ఏది దేనికి జత అన్నది మరిచిపోయినా పర్లేదు గానీ ఇది మాత్రం గుర్తుంచుకోండి. స్టఫ్‌కి ముగింపు లేదు. ఒక ప్లేటు అయిపోతే ఇంకో ప్లేటు, సీసా అయిపోయేదాకా. మన భోజనానికి మాత్రం ముగింపు ఉంది, దాని పేరు పెరుగన్నం. పప్పు, కూర, చారు, పెరుగు, చెయ్యి కడుక్కోవడం. పెరుగన్నం తిన్నాక ఏ తెలుగువాడూ మళ్ళీ పప్పన్నం కలుపుకోడు. గ్లాసుని కంచం పక్కన పెడితే ఆ ముగింపు దానికీ వర్తిస్తుంది. నా నియమం ఇదొక్కటే: పెరుగు కలిపేసరికి గ్లాసు ఖాళీ అవ్వాలి, మళ్ళీ నింపేది లేదు. లూపులో బ్రేక్ పడేది అక్కడే. పైగా కడుపులో నెయ్యీ పప్పూ ఉంటే మద్యం రక్తంలోకి నెమ్మదిగా దిగుతుంది. తాగిన మొత్తం ఎటూ పోదు, కాలేయానికి చేరాల్సింది చేరుతుంది, అందులో మోసం లేదు. కానీ ఒక్కసారిగా నెత్తికెక్కదు, ముందు పెట్టిన అన్నం మూలన పడదు.

"ఇదంతా తాగుడికి నువ్వు వేసుకున్న ముసుగు" అనొచ్చు మీరు. కొంత నిజమే కావచ్చు. ఆపలేని స్థితికి వెళ్ళిన వాళ్ళకి ఈ కబుర్లు పనికిరావు, వాళ్ళకి కావాల్సింది డాక్టరు, వంకాయ పచ్చడి కాదు. షుగరు మాత్రలు వేసుకునే వాళ్ళు కూడా ముందు డాక్టరునే అడగాలి. "మరి పిల్లల ముందు తాగమంటావా?" అంటే, దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. నా కూతురు కూడా అదే బల్ల మీద తింటుంది. దాచిపెడితే పిల్లలకి తెలీదన్నది మాత్రం అబద్ధం. పెరట్లో స్టీలు గ్లాసు తొట్టి గట్టు మీద పెట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. తండ్రి తాగుతాడని తెలియడం కన్నా, దాక్కుంటాడని తెలియడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మొదటిసారి మా ఇంట్లో భోజనాల బల్ల మీద గ్లాసు పెట్టినప్పుడు అమ్మ మొహం మాడ్చుకుంది. నాన్న ఏం మాట్లాడలేదు. నేను నీళ్ళు పోసుకోవడం, ముద్దపప్పులో నెయ్యి వేసుకోవడం చూస్తూ తన అన్నం తను తిన్నారు. చివర్లో పెరుగు వడ్డించుకుంటూ మెల్లగా అన్నారు, "ఇలా మీ అమ్మ ఎదురుగా కూర్చుని తాగాల్సొస్తే, నేను సగం కూడా తాగేవాణ్ణి కాదురా" అని.

అమ్మ "ఆ చారు ఇటివ్వండి" అంది. అంతకుమించి ఎవరం ఏమీ అనలేదు. ముగ్గురం తినే లేచాం.